ఎండకు నీరసించిన స్కూటర్ బ్యాటరీ: నా అనుభవం

విజయవాడ ఎండల్లో మా ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ సామర్థ్యం బాగా పడిపోయింది. ఆటోనగర్‌లో ప్యాక్ విప్పించి చూస్తే వైర్లు, బీఎంఎస్ (బ్యాటరీని నియంత్రించి కాపాడే సర్క్యూట్) బాగానే ఉన్నాయి, సెల్స్ అరిగిపోయాయి. అవి నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ రకం.

అసలు విషయం క్యాథోడ్ (సెల్ ధన ధ్రువం) రేణువులో ఉంది. సాధారణ ఎన్‌ఎంసీలో రేణువు ఒకే స్ఫటికం కాదు. మైక్రాన్ కూడా లేని సన్న స్ఫటికాలెన్నో అతుక్కుని, బూందీ లడ్డూలా ఉండకట్టి ఉంటాయి. ఛార్జ్ అవుతూ, ఖర్చవుతూ లిథియం వచ్చిపోతున్నప్పుడు ఒక్కో స్ఫటికం ఒక్కో దిశలో సాగి ముడుచుకుంటుంది. అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోకి ఎలక్ట్రోలైట్ (సెల్ లోపలి ద్రవం) చేరి కొత్త ఉపరితలాలతో చర్య జరుపుతుంది. నిండా ఛార్జ్ చేస్తే ఒత్తిడి ఎక్కువ, వేడికి చర్య వేగం ఎక్కువ. అతుకులే లేని ఏకస్ఫటిక రేణువులు ఈ పగుళ్లను బాగా తట్టుకుంటాయి, కానీ అలాంటి సెల్స్ నాకు ఇక్కడ దొరకలేదు.

అందుకే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ వేయించాను. 1997లో శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ బృందం ప్రకటించిన ఈ పదార్థంలో ఆక్సిజన్ భాస్వరంతో గట్టి బంధంలో ఉంటుంది; వేడికి సులువుగా విడిపోదు. బరువు పెరిగింది, అది నాకు సమ్మతమే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఈ సెల్ గరిష్ఠ వోల్టేజి పాత సెల్స్ లాగా 4.2 వోల్టులు కాదు, సుమారు 3.65 వోల్టులు. కాబట్టి బీఎంఎస్, ఛార్జర్ రెండూ మార్పించండి.