నింటెండో స్విచ్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆగి ఆగి నడుస్తోందా? ముందు ఆగుతున్నదేమిటో పట్టుకోండి

కొత్త వరల్డ్‌లో మైన్‌క్రాఫ్ట్ హాయిగా నడుస్తుంది. చెట్లు కొట్టి, గుడిసె వేసి, నాలుగు కోళ్లు పెంచుకునేదాకా ఏ ఇబ్బందీ ఉండదు. ఆ గుడిసె కాస్తా కోటై, చుట్టూ పొలాలు, పశువులు, మెషీన్లు వచ్చాక మొదలవుతుంది అసలు గొడవ. తల తిప్పితే బొమ్మ కుదుపుతుంది. నొక్కిన కాసేపటికి గానీ తలుపు తెరుచుకోదు. ఎగురుతుంటే ముందు నేల ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. ఒక్కోసారి ఆటే మూసుకుపోతుంది.

అప్పుడు చాలామంది సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించినవన్నీ ఆఫ్ చేసేస్తారు. మబ్బులు పోతాయి, నీడలు పోతాయి, ల్యాగ్ (ఈ ఆగి ఆగి నడవడం) మాత్రం ఎక్కడికీ పోదు. ఎందుకంటే ల్యాగ్ అని మనం ఒకే పేరు పెట్టుకున్నా, అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

కన్సోల్‌ని మరీ తిట్టుకోకండి. 2017లో వచ్చిన స్విచ్‌లో ఉన్నది 4 జీబీ మెమరీ. తర్వాత వచ్చిన లైట్, ఓఎల్ఈడీ మోడళ్లలోనూ అంతే. ఆట మాత్రం పెరుగుతూ వచ్చింది. 2021 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో వరల్డ్ ఎత్తు 256 బ్లాకుల నుంచి 384కి పెరిగింది. ఆట నేలను 16కి 16 బ్లాకుల ముక్కలుగా మోస్తుంది, ఒక్కో ముక్కను చంక్ అంటారు. అంటే ఒక్కో చంక్‌లో మోయాల్సింది ఒకటిన్నర రెట్లయింది. మోసేది మాత్రం అదే స్విచ్.

మొదటి పని: ఏ జబ్బో తేల్చుకోవడం

ల్యాగ్ బాగా వచ్చే చోట కదలకుండా నిలబడండి. కాళ్ల కింద నేలనే చూస్తూ కెమెరా గుండ్రంగా తిప్పండి. తర్వాత తల ఎత్తి దూరంగా చూస్తూ తిప్పండి. నేలను చూసినప్పుడు సాఫీగా ఉండి, దూరం చూసినప్పుడే కుదుపులు వస్తే అది బొమ్మ గీయడంలోని భారం.

ఇప్పుడు ఒక బ్లాక్ పగలగొట్టండి. పగిలినట్టే పగిలి మళ్లీ ప్రత్యక్షమైందా? దాని ముక్క ఆలస్యంగా కింద పడిందా? ఆవులూ గొర్రెలూ బొమ్మల్లా నిలబడిపోయి ఒక్కసారిగా ముందుకు దూకుతున్నాయా? అయితే సమస్య బొమ్మలో లేదు, లెక్కలో ఉంది. ఈ ఆట సెకనుకు 20 సార్లు వరల్డ్ లెక్క కడుతుంది: ఏ పశువు ఎటు కదలాలి, ఏ పైరు ఎంత పెరగాలి, ఏ రెడ్‌స్టోన్ (ఆటలోని కరెంటు లాంటిది) వెలగాలి అని. ఒక్కో విడత 0.05 సెకన్లలో పూర్తి కావాలి. కాకపోతే వరల్డ్ మొత్తం నత్తనడక నడుస్తుంది.

స్నేహితుల వరల్డ్‌లోనో రెల్మ్స్ అనే ఆన్‌లైన్ వరల్డ్‌లోనో మాత్రమే ఇలా జరిగి, మీ సొంత వరల్డ్‌లో జరగకపోతే అది నెట్‌వర్క్ గొడవ.

చివరిగా ఒక కొత్త ఫ్లాట్ వరల్డ్ తెరిచి రెండు నిమిషాలు తిరగండి. అక్కడ కూడా కుదుపులు వస్తే తప్పు మీ కోటది కాదు, ఆటలోనో కన్సోల్‌లోనో ఉంది. అప్పుడు కింది భాగంతో మొదలుపెట్టండి.

కన్సోల్ వైపు చూడాల్సినవి

స్విచ్‌ని స్లీప్‌లో పెట్టి మళ్లీ లేపడం అందరికీ అలవాటే. అలా రోజుల తరబడి ఆటను మూయకుండా ఆడితే నెమ్మదించడం మామూలే. హోమ్ నొక్కి, ఆట మీద ఎక్స్ నొక్కి పూర్తిగా మూసేయండి. తర్వాత పవర్ బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుని, పవర్ ఆప్షన్స్‌లోంచి రీస్టార్ట్ చేయండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయని నా అనుభవం.

తీరకపోతే హోమ్ స్క్రీన్‌లో ఆట మీద ప్లస్ బటన్ నొక్కండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అక్కడే ఉంటుంది. మేనేజ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళితే చెక్ ఫర్ కరప్ట్ డేటా కూడా దొరుకుతుంది. ఫైళ్లు పాడైతే అదే పట్టుకుంటుంది. ఆటను తీసేసి మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సి వస్తే టెన్షన్ పడకండి. సాఫ్ట్‌వేర్‌ను డిలీట్ చేసినా సేవ్ డేటా అలాగే ఉంటుంది. డేటా మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి సేవ్ డేటానే డిలీట్ చేస్తేనే వరల్డ్‌లు పోతాయి. ఆ వైపు మాత్రం వెళ్లొద్దు.

ఆట లోపలి సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అనే భాగం ఉంది. అందులో పేరుకుపోయిన క్యాష్ డేటాను, వాడని టెక్స్చర్ ప్యాకులను (బ్లాకుల పై రూపం మార్చేవి) తీసేయండి. ఇక వేడి సంగతి. పైన ఉన్న గాలి రంధ్రాలకు దిండో దుప్పటో అడ్డం పడకుండా చూసుకోండి.

కొత్త మెమరీ కార్డు కొంటే వరల్డ్ వేగంగా సేవ్ అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. స్విచ్‌లో సేవ్ డేటా ఉండేది కన్సోల్ లోపలి మెమరీలోనే. కార్డులోకి వెళ్లేది ఆట మాత్రమే.

బొమ్మ కుదుపుతుంటే

వీడియో సెట్టింగ్స్‌లో అన్నిటికన్నా ముందు రెండర్ డిస్టెన్స్ (ఎంత దూరం దాకా గీయాలన్నది) తగ్గించండి. అది రెట్టింపైతే గీయాల్సిన నేల దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే దాన్ని కొంచెం దించినా తేడా బాగా తెలుస్తుంది. తర్వాత ఫ్యాన్సీ గ్రాఫిక్స్, స్మూత్ లైటింగ్ ఆఫ్ చేసి చూడండి. మబ్బులు తీసేయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, ఉంచుకోండి.

టెక్స్చర్ ప్యాకులు వాడుతున్నారా? ఆటతో వచ్చే బొమ్మలు 16కి 16 పిక్సెళ్లవి. 64కి 64 ప్యాక్ వేస్తే ఒక్కో బొమ్మకు 16 రెట్లు పిక్సెళ్లు. ఉన్న 4 జీబీలో అది చాలా పెద్ద వాటా అడుగుతుంది. ఆట తరచుగా క్రాష్ అయ్యేవాళ్లు మొదట తీసేయాల్సింది దీన్నే.

డాక్‌లో (టీవీకి కలిపే స్టాండ్‌లో) పెడితే బాగుపడుతుందా అని అడుగుతుంటారు. డాక్‌లో గ్రాఫిక్స్ చిప్ ఎక్కువ వేగంతో నడుస్తుంది గానీ గీయాల్సిన పిక్సెళ్లు కూడా పెరుగుతాయి. లెక్కలు కట్టే ప్రాసెసర్ వేగం మాత్రం చేతిలో ఉన్నా డాక్‌లో ఉన్నా ఒకటే. కాబట్టి రెండో జబ్బుకు డాక్ మందు కాదు.

వరల్డే నెమ్మదిస్తుంటే

చాలామంది పాత వరల్డ్‌లలో అసలు దొంగ ఇక్కడే దాక్కుని ఉంటుంది. నా వరల్డ్‌లో అది కోళ్ల గూడు. ఒక్క బ్లాక్ గుంతలో కోళ్లను పెట్టి, అవి పెట్టే గుడ్లను హాపర్‌తో (పైన పడ్డవాటిని లాక్కునే గరాటు) పట్టి, డిస్పెన్సర్‌తో మళ్లీ అదే గుంతలోకి విసిరే ఏర్పాటు చేశాను. విసిరిన ప్రతి ఎనిమిది గుడ్లలో సుమారు ఒకటి పిల్లవుతుంది. ఆ మెషీన్‌కు ఆపే మీట పెట్టడం మర్చిపోయాను. కొన్ని రోజులకు ఆ ఊరి దరిదాపులకు వెళితే చాలు, ఆట కాళ్లీడ్చేది. కంప్యూటర్లలో ఆడే జావా ఎడిషన్‌లో అయితే ఒకేచోట మరీ కిక్కిరిస్తే ఊపిరాడక కొన్ని చచ్చిపోతాయి. స్విచ్‌లో ఉండే బెడ్‌రాక్ ఎడిషన్‌లో ఆ నియమం లేదు. ఎన్ని పెడితే అన్నీ ఉంటాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉంటాయి. ఆ తోపులాట అంతా లెక్క కట్టాల్సిందే కదా!

ఏదైనా తీసేముందు వరల్డ్ పేరు పక్కన ఉన్న ఎడిట్ గుర్తు నొక్కి, కాపీ వరల్డ్‌తో ఒక నకలు తీసుకోండి. ఆ నకలులో డిఫికల్టీని పీస్‌ఫుల్‌కి మార్చి చూడండి. రాక్షసులన్నీ మాయమవుతాయి. అప్పుడు ఆట తేలికపడితే మీ ఇంటి కింద వెలుతురు లేని గుహల్లో జనం ఎక్కువయ్యారని అర్థం. అక్కడ దివిటీలు పెట్టండి. అసలు వరల్డ్‌లో ఈ ప్రయోగం చేయకండి, మీరు దాచుకున్న జాంబీలు కూడా పోతాయి.

పీస్‌ఫుల్‌లోనూ అలాగే ఉంటే పెంపుడు జంతువులను, విలేజర్లను లెక్కపెట్టండి. విలేజర్లు మంచానికీ పనికీ దారి వెతుక్కుంటూ తిరుగుతారు కాబట్టి నిలబడి ఉండే ఆవు కన్నా వాళ్ల భారం ఎక్కువ. అవసరానికి మించి ఉంటే కొందరిని దూరపు ఊరికి తరలించండి.

కింద పడేసిన వస్తువుల విషయంలో ఒక తిరకాసు ఉంది. అవి 5 నిమిషాల్లో వాటంతటవే పోతాయి, కానీ మీరు దగ్గరలో ఉంటేనే. దూరంగా వెళ్లిపోతే ఆ గడియారం కూడా ఆగిపోతుంది. తిరిగొచ్చేసరికి అదే కుప్ప, అదే ల్యాగ్. అక్కడే ఓపిగ్గా నిలబడండి, లేదా హాపర్లు పెట్టి పెట్టెల్లోకి పంపండి. హాపర్లు కూడా ఊరికే ఉండవు సుమా, ఖాళీగా ఉన్నా పైన ఏమైనా ఉందా అని వెతుకుతుంటాయి. ఒకటికి పది పెట్టకండి.

రెడ్‌స్టోన్ క్లాకులకు (ఆగకుండా సిగ్నల్ పంపే సర్క్యూట్లకు) తప్పకుండా మీట పెట్టి, వాడనప్పుడు ఆపండి. టకటకా వెలిగి ఆరే ల్యాంపులు, ఆగకుండా కదిలే పిస్టన్లు మరీ ప్రమాదం. ఇవి లెక్కనూ పెంచుతాయి, చుట్టూ వెలుతురు మారడంతో బొమ్మనూ మళ్లీ మళ్లీ గీయిస్తాయి.

ఇవన్నీ చేశాక సిమ్యులేషన్ డిస్టెన్స్ చూడండి. అది వరల్డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. 4 కన్నా ఎక్కువుంటే 4కి దించండి. అప్పుడు మీ చుట్టూ నాలుగు చంక్‌ల మేర మాత్రమే వరల్డ్ కదులుతుంది, ఆ అవతల పైరు పెరగదు. ఇంకో సంగతి: 4లో రాక్షసులు పుట్టే, మాయమయ్యే దూరాలు మారతాయి. 6లో బాగా పనిచేసిన మాబ్ ఫారం (రాక్షసులను పుట్టించి పట్టే ఏర్పాటు) మొరాయించవచ్చు.

ఇద్దరు ముగ్గురు కలిసి ఆడితే

ఆటగాళ్లు ఒకరికొకరు దూరంగా ఉన్నకొద్దీ కన్సోల్ అన్ని చోట్లా వరల్డ్‌ను నడపాలి. ఒకేచోట కలిసి పనిచేస్తే ఆ భారం తగ్గుతుంది. స్ప్లిట్ స్క్రీన్‌లో అయితే పైగా ఎవరి బొమ్మ వాళ్లకు విడిగా గీయాలి. ఒక్కరే ఆడుతున్నప్పుడు మల్టీప్లేయర్ గేమ్ ఆప్షన్ ఆఫ్ చేసుకోవచ్చు. నెట్‌వర్క్ గొడవైతే రౌటర్‌కు దగ్గరగా కూర్చోండి, వెనకాల ఏ డౌన్‌లోడూ నడవకుండా చూడండి. అంతకు మించి మీ చేతిలో ఉన్నది తక్కువే.

ఏది మార్చినా ఒక్కొక్కటే మార్చి, మొదట నిలబడిన చోటే మళ్లీ నిలబడి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియక అందమైన నీడలను కూడా ఊరికే పోగొట్టుకుంటారు. రెండు మూడు రోజులు సాఫీగా నడిచాక ఆ నకలు వరల్డ్‌ను తీసేయండి, అది కూడా లోపలి మెమరీలో చోటు తింటూనే ఉంటుంది.