కొత్త ఫోకసర్ బిగించాక బొమ్మ కుదరకపోతే: సమస్య - పరిష్కారం

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి నా దగ్గరికి వచ్చే టెలిస్కోపుల్లో ఎక్కువ 114, 130 ఎంఎం రిఫ్లెక్టర్లే, అంటే అంత వ్యాసమున్న అద్దంతో బొమ్మ పట్టేవి. ఐపీస్‌ని, అంటే కన్ను పెట్టి చూసే లెన్సుని, లోపలికీ బయటికీ జరిపి బొమ్మ కుదిర్చేది ఫోకసర్. టెలిస్కోపుతో వచ్చిన ప్లాస్టిక్ పళ్ల ఫోకసర్ ఊగుతోందని అది తీసేసి, పళ్లు లేని రెండంగుళాల క్రేఫర్డ్ ఫోకసర్ వేయిస్తారు. ఆ నిర్ణయం మంచిదే. ఎఫ్/5 అద్దానికి (ఫోకస్ దూరం వ్యాసానికి అయిదు రెట్లున్నదానికి) పదునైన ఫోకస్ ఉండే మేర మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. పళ్ల మధ్య సందున్న ఫోకసర్‌తో అక్కడ ఆపడం చాలా కష్టం. అయితే కొత్తది బిగించాక బొమ్మ ఇంకా పాడైందని ఫోన్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో సగానికి పైగా, కొనే ముందు స్కేలుతో కొలవాల్సిన ఒకే ఒక్క కొలత కొలవకుండా ట్యూబుకి రంధ్రం పెట్టేసినవాళ్లే.

డ్రిల్లింగ్‌కి ముందు రెండు అద్దాలూ (ట్యూబు అడుగున ఉండే పెద్దది, ఫోకసర్ ఎదురుగా ఉండే చిన్నది) తీసి పక్కన పెట్టడం, తర్వాత ఇనుప రజను పూర్తిగా దులపడం, కొలిమేషన్ చేయడం, అంటే అద్దాలనీ ఫోకసర్‌నీ ఒకే వరసలోకి తేవడం, మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఎంత లోపలికి తిప్పినా ఫోకస్ అందడం లేదు

కారణం ఎత్తు. కొత్త ఫోకసర్ పాతదానికన్నా పొడవుగా ఉంది, అందుకే ఐపీస్ ఫోకస్ పడే చోటికి దిగడం లేదు. అద్దం పాడైందనీ, ఐపీస్ నకిలీదనీ టెన్షన్ పడక్కర్లేదు.

పాత ఫోకసర్ తీయకముందే చంద్రుడి మీద ఫోకస్ చేయండి. అలాగే ఉంచి, ట్యూబు గోడ నుంచి ఐపీస్ ఆనే అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి రాసుకోండి. కొత్త ఫోకసర్‌ని పూర్తిగా లోపలికి తిప్పినప్పుడు, బేసు, 1.25 అంగుళాల అడాప్టర్ కలుపుకుని దాని ఎత్తు ఈ అంకెకన్నా కనీసం 10 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. ఒక్కో ఐపీస్ ఒక్కో చోట ఫోకస్ అవుతుంది కాబట్టి ఆ పది మిల్లీమీటర్లు వదలాలి. అడాప్టర్ ఎత్తు కలపడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. కెమెరా పెట్టాలనుకుంటే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. కెమెరాని ఫోకసర్‌కి తగిలించే టీ-రింగ్ ముందు అంచు నుంచి సెన్సర్ 55 మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. అంటే ఫోకసర్ అంత మేరా కిందికి దిగగలగాలి. చాలా చిన్న రిఫ్లెక్టర్లలో అది సాధ్యం కాదు.

ఇంకా కొనకపోతే ఎత్తు తక్కువున్న మోడల్ అడగండి. కొనేసి ఉంటే ముందు ఐపీస్ కింద బార్లో లెన్సు (బొమ్మని పెద్దది చేసే అదనపు లెన్సు) పెట్టి చూడండి, అది ఫోకస్‌ని బయటికి జరుపుతుంది. అదీ చాలకపోతే పెద్ద అద్దం కింద పొడవు బోల్టులు, స్ప్రింగులు వేసి అద్దాన్నే పైకి లేపాలి. ఎఫ్/5 లో 20 మిల్లీమీటర్లు లేపితే చిన్న అద్దం దగ్గర కాంతి కట్ట 4 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. చిన్న అద్దం ఆ వెడల్పుకి సరిపోకపోతే కొంత కాంతి పక్కనుంచి పోతుంది. ట్యూబు కోయడం అన్నిటికన్నా చివరి మాట. రంపం పట్టే ముందు బార్లో తప్పకుండా పెట్టి చూడండి.

దీనికి ఎదురు సమస్య, అంటే ఎంత బయటికి లాగినా ఫోకస్ అందకపోవడం, సమస్యే కాదు. ఒక ఎక్స్‌టెన్షన్ ట్యూబు వేస్తే అయిపోతుంది.

ఫోకస్ వస్తుంది, కానీ ఏ ఐపీస్‌తోనూ పదును లేదు

టెలిస్కోపు మీద 1000 ఎంఎం అని రాసి ఉండి, ట్యూబు చూస్తే అర మీటరే ఉందా? అయితే పాత ఫోకసర్ గొట్టం అడుగున ఒక లెన్సు ఉంటుంది, వెళ్లి చూడండి. ఇది బర్డ్-జోన్స్ రకం. ఆ లెన్సు పెద్ద అద్దంలోని లోపాన్ని సరిచేస్తూ ఫోకల్ లెంగ్తుని కూడా పెంచుతుంది. ఫోకసర్ మార్చినప్పుడు ఆ లెన్సు పాత గొట్టంతోనే పోయింది. పాత ఫోకసర్‌నే మళ్లీ వేసేయండి. ఆ లెన్సుని తీసి కొత్త గొట్టంలో సరిగ్గా అదే దూరంలో కూర్చోబెట్టే లేత్ పని ఖర్చుకి తగ్గ ఫలితం ఇవ్వదు. ఈ రకం టెలిస్కోపుకి ఫోకసర్ అప్‌గ్రేడ్ చేయొద్దనే నేను చెబుతాను.

గొట్టం జారిపోతోంది

క్రేఫర్డ్‌లో పళ్లు ఉండవు. ఒక ఇరుసు గొట్టాన్ని ఒత్తిపట్టి, ఆ రాపిడితోనే కదుపుతుంది. కింద రెండు స్క్రూలుంటాయి: ఒకటి ఒత్తిడికి, ఒకటి లాక్‌కి. మనవాళ్లు లాక్ స్క్రూ ఒక్కటే బిగించి, జారుతోందంటారు. ఒత్తిడి స్క్రూని అలెన్ కీతో పావు చుట్టు బిగించండి. అయినా జారితే ఎవరో గ్రీజు రాశారన్నమాట. పళ్ల ఫోకసర్‌కి గ్రీజు కావాలి, దీనికి అసలు తగలకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది ఇరుసునీ, గొట్టం మీద అది నడిచే చారనీ శుభ్రంగా తుడిస్తే మళ్లీ పట్టు వస్తుంది.

కొలిమేషన్ నిలవడం లేదు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే, అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

సాయంత్రం ఫోకసర్‌లో కొలిమేషన్ లేజర్ పెట్టి సరిచేస్తే చుక్క సరిగ్గా పెద్ద అద్దం మధ్య గుర్తు మీద పడుతుంది. చీకటి పడ్డాక బరువైన ఐపీస్ పెట్టి చూస్తే నక్షత్రాలకి ఒక వైపు తోక వస్తుంది. మళ్లీ లేజర్ పెడితే సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, లేదా కొంచెం తేడా ఉంటే సరిచేస్తారు. ఇంకో నక్షత్రానికి తిప్పగానే మళ్లీ తోక. దీంతో పెద్ద అద్దం స్ప్రింగులు, చిన్న అద్దం స్క్రూలు, చివరికి లేజర్ అన్నీ మారుస్తారు. తప్పు వీటిలో ఎక్కడా ఉండదు. ఫోకసర్ బేసు ట్యూబు మీద సరిగ్గా కూర్చోలేదు, అంతే.

బేసు అడుగు భాగం ట్యూబు గుండ్రానికి తగ్గట్టు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు మీ ట్యూబు కొలతకే చేసిందని నమ్మకం లేదు. 165 మిల్లీమీటర్ల వ్యాసానికి చేసిన బేసుని 160 మిల్లీమీటర్ల ట్యూబు మీద పెడితే ఏమవుతుందో లెక్క వేద్దాం. బేసు వెడల్పు 80 మిల్లీమీటర్లు అనుకుంటే మధ్య గీత మీద ఆనుతుంది, రెండు అంచుల దగ్గరా 0.37 మిల్లీమీటర్ల చొప్పున సందు ఉంటుంది. ఆ సందు కంటికి ఆనదు. పైగా స్క్రూలు బిగించగానే ట్యూబు రేకు పలచగా ఉంటుంది కాబట్టి మూలల్లో బయటికి లాగబడి సందుని మూసేస్తుంది. చూడటానికి చక్కగా బిగుసుకున్నట్టే ఉంటుంది కానీ నిజానికి అది ఎగుడుదిగుడు నేల మీద వేసిన పీటే. లేజర్ తేలిక కాబట్టి దాని బరువుకి ఊగదు. అర కిలో ఐపీస్ పెడితే ఊగుతుంది.

ఎంత ఊగితే నష్టం? అర డిగ్రీ వంగినా చాలు. ఐపీస్ ట్యూబు గోడకి 80 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే, అర డిగ్రీకి దాని మధ్య బిందువు 0.7 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. ఎఫ్/5 అద్దానికి తోక లేని బొమ్మ దొరికే వలయం మొత్తం వ్యాసమే సుమారు 2.8 మిల్లీమీటర్లు. ఎఫ్/8 అయితే 11 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందుకే పాత పొడవు ట్యూబు టెలిస్కోపులవాళ్లకి ఈ బాధ తెలియదు, పొట్టి 130 ఎంఎం కొన్నవాళ్లే నలిగిపోతారు.

పట్టుకునే పద్ధతి చెబుతాను. బేసు ట్యూబు పొడవు వెంబడి ఒక గీత మీద ఆనింది కాబట్టి ఆ దిశలో ఊగదు, దానికి అడ్డంగానే ఊగుతుంది. ట్యూబు దాదాపు పడుకుని, ఫోకసర్ పక్కకి చాచినట్టు ఉన్నప్పుడు బరువు సరిగ్గా ఆ అడ్డం దిశలోనే లాగుతుంది. ట్యూబు నిటారుగా ఉంటే ఆ లాగుడు ఉండదు. మన ఆకాశం దీనికి బాగా అనుకూలం. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక రోహిణి దాదాపు నడినెత్తి మీద ఉంటుంది. దక్షిణాన అగస్త్య నక్షత్రం కిందుగా ఉంటుంది, పదకొండింటికి బాగా పైకి వచ్చినప్పుడు కూడా నెల్లూరులో 23 డిగ్రీలు దాటదు. రోహిణి మీద ఫోకస్ కొంచెం చెదరగొట్టి, వలయాల మధ్య నల్లటి నీడ నడిమధ్యలో ఉందో లేదో చూడండి. తర్వాత అదే ఐపీస్‌తో, ఫోకసర్ పక్కకి ఉండేలా చూసుకుని, అగస్త్యుడి మీదకి తిప్పండి. పైన సరిగ్గా ఉండి కింద నీడ ఒక పక్కకి జరిగితే బేసే దొంగ. కింద ఉన్న నక్షత్రం గాలికి వణుకుతుంది, అంచుల్లో ఎరుపూ నీలమూ కనిపిస్తాయి. వాటిని పట్టించుకోకండి, నీడ ఎక్కడుందో మాత్రమే చూడండి. దీనికి వ్యతిరేకంగా కింద బాగుండి పైన పాడైతే రేకు మొత్తంగా వంగుతోందని గానీ, అద్దాల్లో ఒకటి వదులైందని గానీ అర్థం.

ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఆకాశమే దొరకదు కదా, అప్పుడు ఇంట్లోనే చూడొచ్చు. ముందు లేజర్‌ని దాని రంధ్రంలోనే గుండ్రంగా తిప్పండి. చుక్క పెద్ద అద్దం మీద వలయం గీస్తే లేజరే వంకర, దాన్ని సరిచేసుకుని రండి. చుక్క కదలకపోతే, బేసుని పట్టుకుని ట్యూబుకి అడ్డంగా వేలితో నొక్కండి. ఐపీస్ గొట్టాన్ని నొక్కొద్దు, బేసునే నొక్కాలి. 650 ఎంఎం టెలిస్కోపులో అర డిగ్రీ కదలికకి చుక్క పెద్ద అద్దం మీద 5, 6 మిల్లీమీటర్లు జరుగుతుంది, దాన్ని చూడకుండా ఉండలేరు. బైక్ మెకానిక్ దగ్గర టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచని రేకుల కట్ట) ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. స్క్రూలు వదులు చేసి, బేసు అంచు కింద దాన్ని దూరిస్తే సందు ఎంతో అంకెతో సహా తెలుస్తుంది. గేజ్ దొరక్కపోతే మామూలు తెల్ల కాగితం ముక్కలు వాడండి, ఒక్కోటి సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది.

ఇక మరమ్మతు. రబ్బరు ముక్క, స్పాంజి ఉన్న డబుల్ టేపు పెట్టి సందు పూడ్చొద్దు. అవి మెత్తనివి, ఊగడం ఆగదు. పైగా మన మే నెల ఎండకి టేపు జిగురు కారిపోతుంది. సందు రెండు మూడు కాగితాల మందమే అయితే కూల్‌డ్రింక్ డబ్బా రేకుని పట్టీలుగా కత్తిరించి రెండు అంచుల కిందా సమానంగా పెట్టండి. ఆ రేకు కూడా ఇంచుమించు 0.1 మిల్లీమీటరే.

నేను ఎక్కువగా చేసేది ఎం-సీల్ పద్ధతి. ట్యూబు మీద పలచని పాలిథిన్ కాగితం ముడతలు లేకుండా పరవండి, దాని మీద చెయ్యి ఆనించినంత గ్రీజు రాయండి. బాగా పిసికిన ఎం-సీల్‌ని బేసు అడుగున అంచుల వెంబడి పెట్టి, బేసుని ట్యూబు మీద ఉంచి, స్క్రూలు పట్టీ పట్టనట్టు తిప్పండి. గట్టిగా బిగిస్తే రేకు మళ్లీ లాగబడుతుంది, చేసిన పనంతా వృథా. ఎం-సీల్ గట్టిపడకముందే నిటారు చూసుకోవాలి. చిన్న అద్దం తీసేసి, లేజర్ చుక్క ఎదురు గోడ మీద సరిగ్గా ఎదురు బిందువులో పడుతోందా లేదా చూడండి. ఎదురు బిందువు కనుక్కోవడానికి ట్యూబు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాన్ని సగానికి మడిస్తే చాలు. ట్యూబు అంచు నుంచి దూరం కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి. రాత్రంతా వదిలేసి, మర్నాడు పాలిథిన్ పీకేసి, అసలు బిగింపు బిగించండి. లోపలి వైపు 2 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీని ట్యూబు వంపుకి వంచి, మ్యాట్ నలుపు రంగు వేసి, దానికి నైలాన్ నట్లు వేస్తే రేకు వంగడం కూడా ఆగిపోతుంది. ఆ పట్టీని ఏ లేత్ షాపులోనైనా వంచి ఇస్తారు.

ఆ తర్వాత కొలిమేషన్ మొదటి నుంచి చేయాలి. ముందు చిన్న అద్దాన్ని కొత్త ఫోకసర్‌కి నడిమధ్యలోకి తేవాలి, తర్వాత దాని వంపు, చివరికి పెద్ద అద్దం. మధ్యకి తేవడం వదిలేసి నేరుగా వంపు సరిచేయొద్దు. కొత్త రంధ్రం పాతదాని కేంద్రంలోనే పడిందన్న హామీ ఏమీ లేదు.

మిగిలినవి

ఫోకస్ చెదరగొట్టిన నక్షత్రానికి అంచు కొరికినట్టుంటే గొట్టం అడుగు కాంతికి అడ్డొస్తోంది. ఎంత అడ్డొస్తోందో కొలిచి అంత మేర హాక్సా బ్లేడుతో కోసి, అంచుకి నల్లరంగు వేయండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే మామూలు స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, మొదట్లోనే స్టెయిన్‌లెస్‌వి వేయండి. ఇరుసు వంకర, బేరింగు పగులు లాంటివి అరుదు. నాబ్ తిప్పుతుంటే ఒక చోట బరువుగా, ఇంకో చోట వదులుగా అనిపిస్తే అదే. దాన్ని విప్పి బాగుచేద్దామని కూర్చోకుండా వారంటీలో వెనక్కి పంపేయండి.