చెన్నైలో బ్లడ్ క్యాన్సర్ ట్రయల్‌లో చేరాలంటే: ముందు తెలుగు ఫారం అడగండి

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి వైద్యానికొచ్చే మనవాళ్లలో చాలామందికి బ్లడ్ క్యాన్సర్‌కి కొత్త మందుల ట్రయల్స్ (కొత్త మందు ఎలా పనిచేస్తుందో రోగులకిచ్చి చూసే పరీక్షలు) జరుగుతాయనే తెలియదు, తెలిసినా "మన మీద ప్రయోగాలు చేస్తారట" అని వెనక్కి తగ్గుతారు. భయం సహజమే, కానీ అడగకుండానే వదిలేయకండి.

అడగాల్సింది మొదటి కీమోకి ముందు. కొన్ని ట్రయల్స్‌లో ఇంకా వైద్యం మొదలవ్వని వాళ్లనే తీసుకుంటారు. జబ్బు తిరగబెట్టిన వాళ్లకి వేరేవి ఉంటాయి, వాటిలో ఇదివరకు ఏయే మందులు వాడారో చూస్తారు. బోన్‌మ్యారో (ఎముక మజ్జ), ఫ్లో సైటోమెట్రీ (క్యాన్సర్ కణాల రకం తేల్చేది), జన్యు పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు ఒక్కటి కూడా పారేయకుండా తేదీల వరసలో ఫైల్లో పెట్టుకుని, "సార్, ఈ జబ్బుకి ఇక్కడ గానీ ఇంకెక్కడైనా గానీ ట్రయల్ నడుస్తోందా?" అని డాక్టర్ని సూటిగా అడగండి.

మీరూ వెతకొచ్చు. కొత్త మందుల ట్రయల్స్‌ని సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. వెబ్‌సైట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఇంట్లో చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని జబ్బు పేరు కొట్టి వెతకండి. "ఓపెన్ టు రిక్రూట్‌మెంట్" అని ఉంటే ఇంకా చేర్చుకుంటున్నట్టు. ఏయే ఆసుపత్రులు, ఎవరిని తీసుకుంటారు, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి.

ఇక సంతకం సంగతి. సూళ్లూరుపేట లోకల్ ఎక్కి వచ్చిన మా పెదనాన్నకి ఇక్కడ ఒక ఆసుపత్రిలో ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకుంటున్నామని సంతకం చేసే ఫారం తమిళంలో, ఇంగ్లిష్‌లో ఇచ్చారు. సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి ఉంది. ఆయన ఒక్క ముక్క అర్థం కాకపోయినా సంతకానికి పెన్ను తీశారు, నేను చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. రోగికి అర్థమయ్యే భాషలోనే ఫారం ఉండాలని కొత్త మందుల ట్రయల్స్‌ మీద కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2019 నాటి రూల్స్ స్పష్టంగా చెబుతున్నాయి. తెలుగు ఫారం కావాలని గట్టిగా అడగండి, అది మొహమాటపడాల్సిన విషయం కాదు. చదవడం రాని వాళ్లకి వివరించేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండి సంతకం పెట్టాలి. ఫారం ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రెండ్రోజులాగి చెబుతామనండి.

కొత్త మందు ఖాయంగా దొరుకుతుందా, లేక లాటరీ తీసినట్టు కొందరికి మామూలు వైద్యమే ఇస్తారా? టెస్టుల ఖర్చు ఎవరిది? నెలకి ఎన్నిసార్లు రావాలి, రానూపోనూ చార్జీలు ఇస్తారా? ఇవన్నీ తేల్చుకోండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు.

ఊరెళ్లాక రాత్రిపూట జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి, ఆ నంబర్ ఇంట్లో ఇద్దరి ఫోన్లలో సేవ్ చేసుకున్నాకే రైలెక్కండి.