టారో కార్డులు చూసుకోవడం ఎలా? ముందు ప్రశ్న సరిగ్గా రాయండి

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద పదకొండేళ్ళుగా టారో కార్డులు చూస్తున్నాను. అంటే బొమ్మల పేకలోంచి కొన్ని కార్డులు తీసి, ఆ బొమ్మల్ని బట్టి మనం అడిగిన ప్రశ్న గురించి ఆలోచించడం. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. పీజీల్లో ఉండే పిల్లలు, కొత్తగా పెళ్ళయిన జంటలు, అప్పుడప్పుడు వాళ్ళని చూడ్డానికి గుంటూరు నుంచో అనంతపురం నుంచో వచ్చిన అమ్మలు. ఈ మధ్య చాలామంది పేక కొనుక్కుని సొంతంగా చూసుకుంటున్నారు. మంచిదే. కానీ దాదాపు అందరూ ఒకే చోట పాడుచేస్తున్నారు. కార్డు తీయకముందే, అడిగే మాట దగ్గరే పని చెడిపోతోంది.

కావాల్సినవి

78 కార్డుల పేక, ఒక నూలు గుడ్డ, నోటుపుస్తకం, పెన్ను. అంతే. పేక మాత్రం 1909లో లండన్‌లో మొదట అచ్చయిన రైడర్ వెయిట్ బొమ్మలదే కొనండి. ఆ బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. మార్సెయ్ అనే పాత ఫ్రెంచి రకం పేకలో ఆరు కత్తుల కార్డంటే ఆరు కత్తులే కనిపిస్తాయి, మన పేకలో ఇస్పేటు ఆరులాగా. పమేలా అదే కార్డులో ఒక పడవ, పడవ నడిపేవాడు, తల వంచుకుని కూర్చున్న తల్లి, పక్కన బిడ్డని గీసింది. కొత్తవాళ్ళకి ఆ మనుషులు కావాలి. పిల్లుల బొమ్మలు, దేవతల బొమ్మలు ఉన్న పేకలు ముచ్చటగానే ఉంటాయి, అవి రెండేళ్ళ తర్వాత చూసుకోండి.

మొదటి పేక ఎవరైనా బహుమతిగా ఇవ్వాలని, పున్నమి వెన్నెల్లో పెట్టాలని, సిల్కు గుడ్డలోనే చుట్టాలని చెబుతుంటారు. అవేవీ అక్కర్లేదు. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాట కోసం పుట్టింది. జోస్యానికి వాడటం 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఊపందుకుంది. ఆడుకోవడానికి పుట్టిన ముక్కలకి మడి కట్టాల్సిన పని లేదు. చేతులు కడుక్కోండి, టేబుల్ మీద కాఫీ కప్పు పెట్టకండి, చాలు.

ప్రశ్న రాయడం

ఇక్కడ ఆగండి. అరగంట పట్టినా ఫరవాలేదు. నా దగ్గర గంట కూర్చుంటే నలభై నిమిషాలు దీనికే పోతాయి.

ప్రశ్నని మనసులో అనుకుంటే చాలదు, కాగితం మీద రాయాలి. అదీ తెలుగులో, ఆఫీసు ఇంగ్లీషులో వద్దు. "కెరీర్ గ్రోత్ గురించి" అని రాసేవాళ్ళని, ఇదే మాట రాత్రి అమ్మతో ఫోన్లో ఎలా చెబుతారో అలా రాయమంటాను. "ఎంత చేసినా మేనేజర్ నన్ను లెక్కచేయట్లేదమ్మా" అని వస్తుంది. అసలు బాధ అప్పుడు బయటపడుతుంది.

రాశాక చివరి అక్షరం చూడండి. వస్తుందా, అవుతుందా, దొరుకుతుందా, చేసుకుంటాడా. చివర ‘ఆ’ అని దీర్ఘం ఉంటే ఆ వాక్యం కొట్టేయండి. దానికి అవును, కాదు అని రెండే జవాబులుంటాయి. కార్డు మీద ఉండేది బొమ్మ. టూ ఆఫ్ స్వోర్డ్స్, అంటే రెండు కత్తుల కార్డు వచ్చిందనుకోండి. కళ్ళకు గంతలు కట్టుకుని, గుండెల మీద రెండు కత్తులు అడ్డంగా పట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న ఆడమనిషి. అందులో అవును ఎక్కడుంది, కాదు ఎక్కడుంది? ఎవరికి ఏది కావాలో వాళ్ళు అదే లాక్కుంటారు.

తర్వాత అది ఎవరి పనో చూడండి. తెలుగులో మనకి ఒక సౌకర్యం ఉంది, క్రియ చివర్లోనే మనిషి కనిపిస్తాడు. ‘అతను ఏమనుకుంటున్నాడు’ అంటే అది అతని పని. ‘అత్తగారు ఎప్పుడు మారతారు’ అంటే అది అత్తగారి పని. మన టేబుల్ దగ్గర లేని మనిషి మనసులోకి కార్డులతో దూరడం నాకు ఇష్టం లేదు, మీరూ చేయకండి. వాక్యం ‘ను’తో ముగిసేదాకా తిరగరాయండి. "ఆయన ఒక్కరోజు ఫోన్ చేయకపోతే నేను ఎందుకింత కంగారుపడుతున్నాను?" "ఈ ఇంట్లో నేను ఏ మాట నోట్లోనే ఆపేసుకుంటున్నాను?" ఇలాంటి వాటికి బొమ్మలు బాగా పలుకుతాయి.

‘ఎప్పుడు’ అన్న మాట కనబడితే ఇంకా జాగ్రత్త. మొదటి రోజుల్లో ఒకబ్బాయి "కొత్త ఆఫర్ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. ఎయిట్ ఆఫ్ వాండ్స్ వచ్చింది, ఎనిమిది కర్రలు గాల్లో దూసుకుపోతుంటాయి. రెండు నెలల్లో వచ్చేస్తుందని చెప్పేశాను. ఆ అబ్బాయి చేతిలో ఆఫర్ లేకుండానే రిజైన్ చేశాడు. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాడు, మీద హోమ్ లోన్ ఈఎంఐ. వాళ్ళమ్మగారు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. తప్పు పూర్తిగా నాదే. ఆ రోజు నుంచి నెలలు, తేదీలు నేను చెప్పను.

ఒంట్లో జబ్బు, గర్భం, కోర్టు కేసు, షేర్లు. వీటి మీద కార్డు తీయనే వద్దు. రిపోర్టులు డాక్టరుకి చూపించండి, కాగితాలు లాయరుకి చూపించండి.

ఇంకొకటి. జవాబు నచ్చలేదని అదే ప్రశ్న అదే రాత్రి మళ్ళీ అడగొద్దు. నెల ఆగాలి. అర్ధరాత్రి దాకా ఒకే ప్రశ్నకి పదిసార్లు కార్డులు తీసి, టెన్షన్ పెంచుకుని నాకు ఫోటోలు పంపేవాళ్ళు ఉన్నారు. అలాంటప్పుడు పేక బీరువాలో పెట్టి పడుకోండి.

కలపడం, పరచడం

ఏడుసార్లు కలపండి. ఎడమచేత్తో కోయండి, కుడిచేయి అలవాటుగా ఎప్పుడూ మధ్యలోనే కోస్తుంది. పైనుంచి మూడు కార్డులు తీసి పక్కపక్కన బోర్లా పెట్టండి. విజయవాడ ఎండల్లో చెమటకి ముక్కలు అతుక్కుపోయేవి, బెంగళూరులో ఆ బాధ లేదు.

మూడంటే మూడే. సెల్టిక్ క్రాస్ అని పది కార్డులు పరిచే పద్ధతి ఉంది, అది వేసే కొత్తవాళ్ళు ఐదో కార్డుకి వచ్చేసరికి అడిగింది మరిచిపోతారు. మూడు కార్డుల్ని గతం, వర్తమానం, భవిష్యత్తు అని చదవడం అంతటా ఉన్న అలవాటు. నేను అలా చదవను, ఎందుకంటే అందరి కళ్ళూ మూడోదాని మీదే ఉంటాయి. నా వరస ఇది: ఉన్న పరిస్థితి, అందులో నేను చేస్తున్నది, ఇక నేను చేయగలిగింది. తలకిందులుగా వచ్చిన కార్డుని నిలబెట్టేయండి. 78 అర్థాలే ఇంకా పట్టుబడనప్పుడు 156 మోయడం దేనికి?

చదవడం

కార్డు తిప్పగానే పుస్తకం తీయకండి. రెండు నిమిషాలు బొమ్మనే చూసి, కనబడింది కనబడినట్టు పైకి చెప్పండి.

మొన్న వానాకాలంలో కాకినాడ వైపు అమ్మాయి ఒకామె వచ్చింది, టెస్టింగ్‌లో పని చేస్తుంది. "నాకు ఆన్‌సైట్ వస్తుందా అక్కా?" అని రాసింది, అంటే కంపెనీ తనని విదేశంలో పనికి పంపుతుందా అని. కొట్టేశాను. "ఎప్పుడు వస్తుంది?" అని రాసింది. అదీ కొట్టేశాను. "మేనేజర్ నా పేరు ఎందుకు పంపట్లేదు?" అంది. "అది ఆయన పని కదమ్మా, నీదేది?" అన్నాను. పెన్ను మూత తీసి పెడుతూ చాలాసేపు కూర్చుంది. చివరికి రాసింది: "నేను నోరు తెరిచి ఎందుకు అడగలేకపోతున్నాను?"

మొదటిది ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్. కట్లతో, కళ్ళకు గంతలతో ఒక స్త్రీ, చుట్టూ నేలలో గుచ్చిన కత్తులు. నేనేమీ అనలేదు. తనే వంగి చూసి, "కాళ్ళకి కట్టు లేదక్కా" అంది. రెండోది టెన్ ఆఫ్ వాండ్స్, పది కర్రలూ ఒక్కడే మోస్తూ ముఖం కనబడకుండా నడిచే మనిషి. "టీమ్‌లో అందరి పనీ నేనే చేస్తున్నా" అంది. మూడోది పేజ్ ఆఫ్ స్వోర్డ్స్, గాలిలో కత్తి ఎత్తి పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. "వెళ్ళి అడిగేయమంటోందా?" అంది. "మళ్ళీ ‘ఆ’ వచ్చింది చూడు" అన్నాను. కాసేపు ఆగి, "ఏం మాట్లాడాలో సోమవారంలోపు రాసుకుంటాను" అంది.

బొమ్మ అయ్యాకే పుస్తకం. డెత్ కార్డు వస్తే ఇంట్లో ఎవరికో ఏదో అవుతుందని వణికిపోకండి. ఆ బొమ్మలో వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు ఉన్నాడు, అదీ చూడండి. ఒక దశ ముగిసిందని మాత్రమే చదవాలి.

రాసిపెట్టడం

తేదీ, ప్రశ్న, మూడు కార్డుల పేర్లు, మీ నోటి నుంచి వచ్చిన ఒక్క వాక్యం. పేక లెక్కపెట్టి గుడ్డలో చుట్టండి, సోఫా కిందికి ఒకటి జారితే వారాల తరబడి తెలియదు. నెల తిరిగాక అదే పేజీ తీయండి. ప్రశ్న మారి ఉంటే కొత్త పేజీలో రాయండి. మారకపోతే, ఈ నెలలో మీరేం చేశారో దాని కిందే ముందు రాసి, ఆ తర్వాతే పేక ముట్టుకోండి.