సిరోంచలో తేనెపిట్టల ఫోటోలకు వెళ్లే ముందు

హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు మోదుగ పూల మీద వాలేవాటిని కొందరు అవే అనుకుంటారు గానీ, ఇవి తేనెపిట్టలు. మోదుగ పూసే ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లేవాళ్లకు ఈ జాగ్రత్తలు.

• పొద్దెక్కకముందే చెట్టు దగ్గరుండండి. ఎండ ముదిరితే నీడలు నల్లగా పడతాయి.

• సూర్యుడు మీ వీపు వెనకే ఉండాలి. మగపిట్ట ఊదా, నీలం మెరుపు ఈకల మీద వెలుతురు పడే కోణాన్ని బట్టి వస్తుంది. తల కాస్త అటు తిప్పిందంటే బొగ్గుముక్కే. మళ్లీ ఇటు తిరిగేదాకా ఆగి నొక్కండి.

• ఎగిరే పిట్టకు షట్టర్ వేగం 1/2000 సెకను, కూర్చుంటే 1/500 చాలు. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) ఆటోలో పెట్టి పైన 6400 దగ్గర హద్దు పెట్టండి. మబ్బు కమ్మినా టెన్షన్ ఉండదు.

• వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ +1 (ఫోటో వెలుగు ఒక మెట్టు పెంచడం). పిట్ట నీడలోని ఆకుల ముందుకు రాగానే మళ్లీ సున్నాకి, అవసరమైతే ఇంకా కిందకి. పెంచడం అందరికీ గుర్తుంటుంది, తగ్గించడమే గుర్తుండదు!

• రా (RAW, కెమెరా మార్పులు చేయని ఫైల్) ఫార్మాట్, స్పేర్ బ్యాటరీ, మంచినీళ్లు.

• వేలాడే గూడు కనిపిస్తే దూరంగా జరగండి. పొదిగేది ఆడపిట్టే, మీరు ఎదురుగా నిలబడితే లోపలికి రాదు. వెలుతురు కోసం అడ్డుకొమ్మలు విరవొద్దు. గుడ్లు ఎండకు మాడతాయి, కాకుల కంటా పడతాయి.

• చెట్టు చేనుగట్టు మీదుంటే రైతును ఒక మాట అడగండి, ఇక్కడ తెలుగు బాగానే నడుస్తుంది. అడవిలోకైతే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.