ఒకే మోటారుతో పిండిమర, కారంమర, శెనక్కాయల మిషన్: ఎన్ని హెచ్‌పీ తేవాల?

మన అనంతపురం, కర్నూలు పక్క పల్లెల్లో కొత్తగా మర పెట్టుకునేవాళ్లు అడిగేది ఒకటే. "అన్నా, పిండిమరకి 7.5, కారంమరకి 5, శెనక్కాయలు ఒలిచే మిషన్‌కి 3, జల్లెడకి 1, అన్నీ ఒకే లైన్ షాఫ్టు (ఒక మోటారుతో తిరిగి, బెల్టులతో అన్ని మిషన్లనీ తిప్పే పొడుగాటి ఇరుసు) మీద ఎక్కిస్తే ఎంత మోటారు తేవాల?" అడిగినోళ్లే కూడేసి 16.5 అంటారు, షాపాయన 20 హెచ్‌పీ ఎత్తి బండిలో పెడ్తాడు. తిరుగుతాది లేండి, తిరగదని కాదు. కానీ సగం లోడు మీద నడిచే మోటారుకి పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) పడిపోతాది, కనెక్షన్‌కి ఎక్కువ హెచ్‌పీ రాయించుకోవాల, మర ఆడినా ఆడకపోయినా దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, నేమ్ ప్లేటు మీద ఉండేది ఆ మోటారు ఇవ్వగలిగిన పవరు, మిషన్ తీసుకునే పవరు కాదు. మిషన్ ఎంత లాగుతాందో కొలవాల్సిందే. ఇప్పుడు విడి మోటార్ల మీద నడుస్తాంటే పని సులభం, లేదంటే అదే సైజు మిషన్ ఉండే వేరే మర కాడికి పోయి, గింజలు నిండుగా పోసి ఆడించేటప్పుడు టాంగ్ టెస్టర్ (వైరు కోయకుండా చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మీటరు) ఒక ఫేజ్ వైరుకి తగిలించి ఆంప్స్ చూడండి. 1.732 ఇంటూ వోల్టేజీ ఇంటూ ఆంప్స్ ఇంటూ పవర్ ఫ్యాక్టర్ ఇంటూ మోటారు ఎఫిషియెన్సీ (లోపలికి పోయే కరెంటు పవరులో షాఫ్టు కాడికొచ్చే వంతు), వచ్చిన వాట్లని 746తో భాగిస్తే హెచ్‌పీ. పిండిమర 415 వోల్టుల మీద 9 ఆంప్స్ తీసుకుంటే, పవర్ ఫ్యాక్టర్ 0.83, ఎఫిషియెన్సీ 0.86 వేసుకుంటే 6.2 హెచ్‌పీ దాకా వస్తాది, 7.5 కాదు.

దీంట్లో ఒక మోసం ఉంది. ఊరికే తిరిగే ఇండక్షన్ మోటారు గూడా ఫుల్ లోడు కరెంటులో 30, 40 శాతం తీసుకుంటాది, అప్పుడు పవర్ ఫ్యాక్టర్ చానా తక్కువ, కాబట్టి లోడు తక్కువున్నప్పుడు ఆంప్స్‌ని నమ్మి లెక్కేస్తే తప్పొస్తాది. దానికన్నా కరెంటు మీటరే మేలు. మిగతా లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపేసి, మీటరు మీద ఎర్రలైటు నిమిషానికి ఎన్నిసార్లు మిణుకుతాదో లెక్కపెట్టండి. యూనిట్‌కి ఎన్ని మిణుకులో మీటరు మీదే రాసుంటాది. 800 అని ఉండి నిమిషానికి 72 వచ్చినాయంటే 0.09 యూనిట్, గంటకి 5.4, అంటే 5.4 కిలోవాట్లు లోపలికి పోతాన్నట్టు. దాన్ని 0.86తో గుణించి 0.746తో భాగిస్తే మళ్లా అదే 6.2 హెచ్‌పీ.

అట్లా కొలిస్తే కారంమర 4, శెనక్కాయల మిషన్ 2.2, జల్లెడ అర హెచ్‌పీ వచ్చినాయనుకుందాం. మొత్తం 12.9. ఇప్పుడు అసలు ప్రశ్న: ఏవేవి ఒకేసారి నడుస్తాయి? శెనక్కాయలు పంట వచ్చిన సీజన్‌లోనే, కారం ఎక్కువగా ఎండాకాలం మిరపకాయలు ఎండినంక. పిండి మాత్రం రోజూ. ఈ మూడూ నిండు మేతతో ఒకేసారి నడిచే రోజు వస్తాదా రాదా అనేది మీ ఊరి గిరాకీని బట్టి మీకే తెలియాల, ఏ ఇంజినీరూ చెప్పలేడు.

కొలిచినదాంట్లో ఒక బెల్టు నష్టం ఎట్లాగూ ఉంది, లైన్ షాఫ్టు వస్తే ఇంకో బెల్టు, బేరింగులు అదనం, కాబట్టి 0.93తో భాగించండి. పిండి, కారం, జల్లెడ కలిపి 10.7, భాగిస్తే 11.5, మీద 15 శాతం మార్జిన్ వేస్తే 13.2, అంటే 15 హెచ్‌పీ మోటారు. నాలుగూ ఒకేసారి అంటే 13.9, మార్జిన్‌తో 16, అప్పుడు 20 కొనాల. నన్నడిగితే షాఫ్టు మీద 15 పెట్టి శెనక్కాయల మిషన్‌కి దాని 3 హెచ్‌పీ మోటారు దానికే ఉంచేయమంటా. సంవత్సరంలో కొన్నాళ్లు ఆడే మిషన్ కోసం సంవత్సరమంతా 20 హెచ్‌పీని తిప్పడం దండగ.

మార్జిన్ ఎందుకంటే వోల్టేజీ. మోటారు టార్క్ (తిప్పే బలం) వోల్టేజీ స్క్వేర్‌ని బట్టి పోతాది, 415 కాస్తా 360 అయితే టార్క్ 75 శాతానికి పడిపోతాది, కరెంటు పెరిగి వైండింగ్ కాలుతాది. ఎండ ఇంకొకటి, మోటార్లని మామూలుగా 40 డిగ్రీల గాలికి డిజైన్ చేస్తారు, మే నెలలో కర్నూలు, కడపలో బయటే అది దాటుతాది, రేకుల షెడ్డులో చెప్పాల్సిన పనిలేదు. మోటారు ఒంటి మీది రెక్కల మధ్య పిండి పేరుకుంటే ఇంకా కష్టం, బ్రష్షుతో దులపతా ఉండండి.

స్టార్టింగ్ కాడ చానామంది ఇరుక్కుంటారు. 15 హెచ్‌పీకి స్టార్-డెల్టా స్టార్టర్ (మొదట స్టార్‌లో వైండింగ్‌కి తక్కువ వోల్టేజీ ఇచ్చి, స్పీడొచ్చినంక డెల్టాలో పూర్తి వోల్టేజీ ఇచ్చేది) పెడ్తారు కదా, స్టార్‌లో ఉన్నంతసేపు స్టార్టింగ్ టార్క్ మూడో వంతే. మేత పోసిన మిషన్లతో పాటు షాఫ్టుని లేపాలంటే లేవదు. అందుకే ప్రతి మిషన్‌కీ ఫాస్ట్ పుల్లీ (షాఫ్టుకి బిగించింది), లూజ్ పుల్లీ (ఊరికే తిరిగేది) పెట్టించండి, బెల్టులన్నీ లూజ్ మీద ఉంచి షాఫ్టు స్పీడు అందుకున్నంక ఒక్కొక్కటి ఎక్కించండి, పెద్దది ముందు.

పుల్లీల లెక్క సులభమే, నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకి 5 అంగుళాలు, షాఫ్టుకి 10 అంగుళాలు పెడితే 720, బెల్టు జారుడుకి కొంచెం తగ్గుతాది. స్పీడు సగమైతే షాఫ్టు మీద టార్క్ రెట్టింపు, 11 కిలోవాట్లకి మోటారు కాడ 73 న్యూటన్ మీటర్లు ఉండేది షాఫ్టు మీద 146 అవుతాది, సన్న షాఫ్టు వేసి పొదుపు చేయొద్దు. ఇంకోటి, పని తొందరగా అవుతాదని పుల్లీ మార్చి స్పీడు పెంచేవాళ్లు ఉంటారు, బ్లోయరు ఉన్న మిషన్‌కి అట్లా చేయొద్దు, స్పీడు 10 శాతం పెరిగితే బ్లోయరు పవరు 33 శాతం పెరుగుతాది.

చివరిగా ఓవర్‌లోడ్ రిలే, అంటే కరెంటు హద్దు దాటితే మోటారుని ఆపేసేది. 15 హెచ్‌పీ ఫుల్ లోడు కరెంటు దగ్గర దగ్గర 21 ఆంప్స్, కానీ స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే వైండింగ్ వైర్లలో ఉంటే దాంట్లో పోయేది 58 శాతమే, అంటే 12 కాడ సెట్ చేయాల. 21 కాడ పెట్టేసి పోతే రిలే ఉన్నా లేనట్టే, మోటారు కాలేదాకా ట్రిప్ కాదు.