మా చేలో ఉప్పు ఇలా దిగింది

కోనసీమలో, సముద్రానికి దగ్గరగా, పంట కాలువ చిట్టచివర మా చేను. ధవళేశ్వరం నుంచి నీళ్లు మాదాకా వచ్చేసరికి సన్నబడతాయి. రెండేళ్లు నాట్లు మాడిపోతుంటే చాలా టెన్షన్ పడ్డాను. మట్టి పరీక్షలో ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటింది, అంటే ఉప్పు నేల.

ముందు మురుగు కాలువలో గుర్రపుడెక్క, పూడిక తీయించాం. పక్క రైతులు కలిసొచ్చారు, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది: మురుగు దిగే దారి లేకపోతే ఎన్ని నీళ్లు పెట్టినా ఉప్పు చేలోనే ఉంటుంది. తర్వాత గట్లు ఎత్తు చేసి, కాలువ నీరు నిలగట్టి, రెండు మూడు రోజులకు మురుగులోకి వదిలాను. అలా మూడుసార్లు. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూత దశలో కలియదున్నాను. జిప్సం వేయలేదు, అది క్షార నేలకు.

ఈ సార్వాకి (ఖరీఫ్ పంటకి) నాట్లు పచ్చగా నిలిచాయి. చేపల చెరువు వైపు మూల మాత్రం ఇంకా తెల్లగా ఉప్పు పేరుతోంది, అక్కడ గట్టు వెంట బోదె తవ్వాలి.